ప్రోగ్రామర్ కావాలంటే డిగ్రీ ఉండాలా? ఏ దారి ఎవరికి నప్పుతుంది

కోడ్ రాయడం నేర్చుకోవడానికి డిగ్రీ కావాలా అని అడిగితే అక్కర్లేదని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. ప్రోగ్రామర్‌గా ఉద్యోగం రావడానికి డిగ్రీ కావాలా అని అడిగితే మాత్రం, అడిగే మనిషి వయసెంత, ఇప్పటిదాకా ఏం చదివారు, ఏ దేశంలో ఎలాంటి పని చేయాలనుకుంటున్నారు అన్నవి తెలియకుండా జవాబు చెప్పకూడదు. ఈ రెండు ప్రశ్నలూ కలగాపులగం అయిపోవడం వల్లే ఒకరు డిగ్రీ అంటే ఉత్త కాగితమే అంటారు, ఇంకొకరు అది లేకపోతే గుమ్మం కూడా దాటలేవు అంటారు. ఎవరికి ఎదురైంది వాళ్లు చెబుతున్నారు, అంతే.

ప్రోగ్రామర్లు ప్రశ్నలూ జవాబులూ పంచుకునే వెబ్‌సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 2024లో డెవలపర్ల మధ్య జరిపిన సర్వే చూస్తే ఈ తికమక ఎక్కడిదో అర్థమవుతుంది. జవాబిచ్చినవాళ్లలో 66 శాతం మందికి బ్యాచిలర్స్ లేదా మాస్టర్స్ డిగ్రీ ఉంది. కోడింగ్ బడిలోనో కాలేజీలోనో నేర్చుకున్నామన్నవాళ్లు మాత్రం 49 శాతమే. అంటే డిగ్రీ ఉన్నవాళ్లలో కూడా చాలామంది పని నేర్చుకున్నది తరగతి గది బయటే. అయినా ఈ వృత్తిలో ఉన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది చేతిలో పట్టా ఉంది. ఈ రెండూ ఒకేసారి నిజం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డిగ్రీ బరువు బాగా తెలిసేది రెండు చోట్ల: మొదటి ఉద్యోగం వెతుక్కునేటప్పుడు, దేశం మారేటప్పుడు. మిగతా చాలాచోట్ల దాని బదులు పెట్టగలిగినవి ఉన్నాయి. ఈ రెండు చోట్ల కూడా ఉన్నాయి కానీ వాటికి ఏళ్లు పడుతుంది.

ముందు ఏం చూసుకోవాలి

*మొదటి ఉద్యోగం.* అనుభవం లేని అభ్యర్థి రెజ్యూమెలో కంపెనీకి కనబడేవి తక్కువ. వందల దరఖాస్తులు వచ్చినప్పుడు వడపోసేవాళ్లు తేలిగ్గా కనబడే గీటురాయిని పట్టుకుంటారు, అది చాలాసార్లు డిగ్రీయే అవుతుంది. డిగ్రీ షరతు ఎత్తేశామని పెద్ద కంపెనీలు ప్రకటించిన మాట నిజమే. కానీ హార్వర్డ్ బిజినెస్ స్కూల్, బర్నింగ్ గ్లాస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి అమెరికా నియామకాలపై 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ మార్పు వల్ల డిగ్రీ లేనివాళ్లకు కొత్తగా అవకాశం దక్కింది ప్రతి 700 నియామకాల్లో ఒకటికన్నా తక్కువే. అది ఒక్క ప్రోగ్రామర్ల లెక్కే కాదు, అన్ని రకాల ఉద్యోగాలదీ. అయినా ప్రకటన చూసి భరోసా పెట్టుకోకూడదని చెప్పడానికి చాలు. మూడు నాలుగేళ్ల అనుభవం వచ్చాక కథ మారుతుంది. అప్పుడు ఇంటర్వ్యూలో చదువు గురించి అడిగేది తక్కువ, గత ఉద్యోగంలో ఏం తయారుచేశారు, ఏది పాడైతే ఎలా బాగుచేశారు అన్నదే ఎక్కువ.

*సరిహద్దు దాటడం.* చాలామంది ఈ సంగతి చివర్లో గుర్తు చేసుకుని చిక్కుల్లో పడతారు. అమెరికా హెచ్-1బి వీసాకు ఆ పనికి నేరుగా సంబంధించిన బ్యాచిలర్స్ డిగ్రీ గానీ దానికి సమానమైనది గానీ ఉండాలి. అనుభవాన్ని చదువుగా లెక్కగట్టే పద్ధతి ఉంది కానీ లేని ప్రతి ఒక్క ఏడాది చదువుకూ మూడేళ్ల అనుభవం చూపించాలి. అంటే నాలుగేళ్ల డిగ్రీ మొత్తానికి పన్నెండేళ్లు. జపాన్ ఇంజనీర్ వీసాకు డిగ్రీ లేకపోతే మామూలుగా పదేళ్ల అనుభవం అడుగుతారు, గుర్తింపు ఉన్న కొన్ని ఐటీ పరీక్షలు పాసైనవాళ్లకు సడలింపు ఉంది. జర్మనీ కొంచెం వేరు. 2023 నవంబర్ నుంచి ఐటీ నిపుణులకు డిగ్రీ లేకున్నా, గత ఏడేళ్లలో కనీసం మూడేళ్ల తగిన అనుభవమూ నిర్ణీత జీతమూ ఉంటే ఈయూ బ్లూ కార్డ్ (అక్కడ ఉండి పనిచేసేందుకు అనుమతి) ఇస్తున్నారు. ఇవి మారుతూ ఉంటాయి కాబట్టి వెళ్లాలనుకునే దేశం అధికారిక పేజీ చూసుకున్నాకే నిర్ణయం తీసుకోండి.

*పునాది.* దీని గురించి మాటల్లో చెబితే నమ్మకం కుదరదు, ఒక చిన్న పని తీసుకుందాం. లక్ష ఈమెయిల్ చిరునామాలున్న జాబితాలో రెండుసార్లు వచ్చినవి పట్టుకోవాలి. కొత్తగా నేర్చుకున్నవాళ్లకు ముందు తట్టేది ఒక లూప్‌లో (అదే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) ఇంకో లూప్ పెట్టి ప్రతి చిరునామానూ మిగతావాటితో పోల్చడం. అది దాదాపు 500 కోట్ల పోలికలు. వంద చిరునామాలతో పరీక్షించినప్పుడు రెప్పపాటులో అయిపోయిన ప్రోగ్రామ్ అసలు జాబితా మీద కదలకుండా కూర్చుంటుంది. చూసిన ప్రతి చిరునామానూ హ్యాష్ సెట్‌లో (ఒకటి ఉందో లేదో మొత్తం వెతక్కుండానే చెప్పగలిగే సంచి లాంటిది) వేసుకుంటూ, అది ముందే అందులో ఉందా అని మాత్రం చూస్తే లక్ష వెతుకులాటలతో పని ముగుస్తుంది. జాబితా పది రెట్లు పెరిగితే మొదటి పద్ధతిలో పని నూరు రెట్లవుతుంది, రెండో పద్ధతిలో పది రెట్లే. ఈ తేడాను కోడ్ నడపకముందే, కాగితం మీద చూడగానే పసిగట్టడమే పునాది. దాన్ని ఏ దారిలోనైనా సంపాదించవచ్చు, కానీ ఏ దారిలోనూ దానంతట అది రాదు.

*కాలం, డబ్బు.* ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. చదువుకునే ఏళ్లలో సంపాదించకుండా పోయినది కూడా ఖర్చే. అప్పు చేసి చదివితే మొదటి ఉద్యోగం ఎంచుకునే స్వేచ్ఛ కూడా కొంత పోతుంది, జీతం ఎక్కడ ఎక్కువుంటే అక్కడికే వెళ్లాల్సి వస్తుంది.

*మీ స్వభావం.* అడిగేవాళ్లు, పరీక్ష పెట్టేవాళ్లు లేకుండా ఏడాదిపాటు రోజూ కూర్చుని నేర్చుకోగలరా? నిజాయితీగా జవాబు చెప్పుకోండి. సొంతంగా నేర్చుకుంటామన్నవాళ్లు దెబ్బతినేది తెలివి చాలక కాదు, మధ్యలో ఆగిపోవడం వల్ల.

దారులన్నీ ఒకచోట

| చూడాల్సింది | కంప్యూటర్ సైన్స్ డిగ్రీ | వేరే డిగ్రీ + సొంత నేర్పు | బూట్‌క్యాంప్ (కొన్ని నెలల కోడింగ్ శిక్షణ) | పూర్తిగా సొంతంగా | ఉద్యోగం చేస్తూ దూరవిద్య |
|---|---|---|---|---|---|
| పట్టే కాలం | మూడు నాలుగేళ్లు | డిగ్రీ ఉంటే ఏడాది, రెండేళ్లు | కొన్ని నెలలు | ఏడాది నుంచి మూడేళ్లు | నాలుగు నుంచి ఆరేళ్లు |
| మొదటి ఉద్యోగం | అన్నిటికన్నా తేలిక | ఫర్వాలేదు | మార్కెట్‌ను బట్టి | కష్టం, చేసిన పని చూపించాలి | ఉద్యోగం ముందే ఉంటుంది |
| విదేశీ వీసా | సులువు | సంబంధం చూపించాల్సి రావచ్చు | సర్టిఫికెట్ పనికిరాదు | అనుభవం మీదే ఆధారం | డిగ్రీ వచ్చాక సులువు |
| పునాది | కాలేజీ మంచిదైతే గట్టిది | మీ పట్టుదలను బట్టి | పలచన | ఖాళీలు మిగులుతాయి | గట్టిది, నెమ్మదిగా |
| ఎవరి ఒత్తిడి ఉంటుంది | పరీక్షలు, గడువులు | ఎవరిదీ లేదు | రోజూ, గట్టిగా | ఎవరిదీ లేదు | గడువులు, అలసట |

పట్టిక చూసి ఎక్కువ గడుల్లో గెలిచినదాన్ని ఎంచుకోవద్దు. మీకు ముఖ్యమైన గడి ఒక్కటి ఉంటుంది, ముందు అది చూడండి.

కంప్యూటర్ సైన్స్ డిగ్రీ

దీని అసలు లాభం, మీరు మీ అంతట ఎప్పుడూ తెరవని పుస్తకాలను తెరిపించడం. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, కంపైలర్లు, డిస్క్రీట్ మ్యాథ్స్ లాంటివి మొదటి ఉద్యోగంలో వెంటనే పనికిరానట్టే ఉంటాయి. సర్వర్ ఎందుకు నెమ్మదించిందో, నడుస్తున్న రెండు ప్రోగ్రామ్‌లు (ప్రాసెస్‌లు) ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఎందుకు ఇరుక్కుపోయాయో తేల్చాల్సిన రోజున అవే ఆదుకుంటాయి. రెండో లాభం ఇంటర్న్‌షిప్. విద్యార్థిగా నమోదై ఉన్నవాళ్లకే ఇంటర్న్‌షిప్ ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి, ఆ గుమ్మం బయటివాళ్లకు మూసే ఉంటుంది. మూడోది తోటి విద్యార్థులు. పదేళ్ల తర్వాత వాళ్లలో ఎవరో ఒకరు ఎక్కడో టీమ్ నడుపుతుంటారు, ఖాళీ ఉందని కబురు పెడతారు.

డిగ్రీ నేర్పనివి కూడా ఉన్నాయి. కమాండ్ లైన్ (ఆజ్ఞలు టైప్ చేసి కంప్యూటర్‌తో పని చేయించడం) వాడకం, గిట్ (కోడ్‌లో చేసిన మార్పుల లెక్క ఉంచేది), డీబగ్గింగ్ (తప్పులు వెతికి సరిచేయడం) లాంటి రోజువారీ పనిముట్లను సిలబస్ గాలికి వదిలేస్తోందని ఎంఐటీలోనే 2020లో కొందరు వీటికోసం విడిగా ఒక చిన్న తరగతి పెట్టాల్సి వచ్చింది. అంత పేరున్న చోటే అలా ఉంటే మిగతా చోట్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఇతరులు రాసిన కోడ్ చదవడం, టెస్టులు రాయడం, అర్ధరాత్రి పడిపోయిన సర్వీసును లేపడం పనిలోనే వస్తాయి.

డిగ్రీలన్నీ ఒకటి కావు, పోల్చేటప్పుడు ఈ మాట మరిచిపోతుంటారు. కాలేజీ ఎంచుకునే ముందు అక్కడ చివరి ఏడాది చదువుతున్నవాళ్లను కలిసి మూడు సంగతులు అడగండి. ప్రయోగశాల పనుల్లో కోడ్ నిజంగా రాయిస్తారా, రికార్డు పుస్తకం నింపితే చాలంటారా? మీరు రాసిన కోడ్‌ను ఎవరైనా చదివి, ఇది ఇలా ఎందుకు రాశావని అడిగారా? ఇప్పటిదాకా మీరు రాసిన అన్నిటికన్నా పెద్ద ప్రోగ్రామ్ ఏది, దాన్ని నాకు చూపించగలరా? మూడో ప్రశ్నకు నీళ్లు నమిలితే ఆ డిగ్రీ మీకు పట్టా ఇస్తుందేమో కానీ పునాది ఇవ్వదు. అలాంటప్పుడు పట్టా అక్కడ, చదువు బయట అని ముందే సిద్ధపడి చేరాలి.

వేరే డిగ్రీ, సొంతంగా ప్రోగ్రామింగ్

ఈ వృత్తి పుట్టింది ఇలాగే, అప్పటికి కంప్యూటర్ సైన్స్ చదువే లేదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కంప్యూటింగ్‌లో డిప్లొమా మొదలుపెట్టింది 1953లో, అమెరికాలో మొదటి కంప్యూటర్ సైన్స్ విభాగం పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వచ్చింది 1962లో. అపోలో నౌకల సాఫ్ట్‌వేర్ బృందాన్ని నడిపిన మార్గరెట్ హామిల్టన్ చదివింది గణితం. సీ అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసిన డెన్నిస్ రిచీ మొదట చదివింది భౌతికశాస్త్రం. తొలితరం డచ్ ప్రోగ్రామర్ ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1957లో పెళ్లి నమోదు చేయించుకుంటూ వృత్తి ప్రోగ్రామర్ అని రాయబోతే ఆమ్‌స్టర్‌డామ్ అధికారులు అలాంటి వృత్తే లేదన్నారు, చివరికి సైద్ధాంతిక భౌతికశాస్త్రవేత్త అని రాయాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ రోజులు కావు కానీ ఈ దారి ఇంకా బతికే ఉంది. ఏదో ఒక డిగ్రీ ఉండాలన్న షరతును ఇది దాటిస్తుంది. పైగా అకౌంటింగ్ చదివినవాళ్లు బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌లోనో, జీవశాస్త్రం చదివినవాళ్లు జన్యు సమాచార విశ్లేషణలోనో అడుగుపెడితే ప్రోగ్రామింగ్ మాత్రమే తెలిసినవాళ్లకన్నా ఒక మెట్టు పైనే ఉంటారు. చిక్కల్లా వీసా దగ్గరే, చదివినదానికీ చేయబోయే పనికీ సంబంధం చూపించమంటారు.

బూట్‌క్యాంప్

2012 ప్రాంతంలో ఈ పద్ధతి ఊపందుకుంది. కొన్ని నెలల్లో వెబ్ డెవలపర్‌ని చేస్తామన్న మాట, కొత్తవాళ్లను విరివిగా తీసుకున్న రోజుల్లో చాలామందికి నిజమైంది కూడా. మొదటివాటిలో ఒకటైన డెవ్ బూట్‌క్యాంప్ 2017లోనే మూతపడింది. కొత్తవాళ్ల నియామకాలు తగ్గినప్పుడు అందరికన్నా ముందు దెబ్బ తగిలేది ఈ సర్టిఫికెట్‌కే.

ఇప్పటికే డిగ్రీ ఉండి, ప్రోగ్రామింగ్ కొంత వచ్చి, తోడుగా ఒత్తిడి పెట్టేవాళ్లు కావాలనుకునేవాళ్లకు ఇది నప్పుతుంది. శూన్యం నుంచి మొదలుపెట్టి మూడు నెలల్లో ఉద్యోగం అని నమ్మి, దాచుకున్నదంతా ధారపోయడాన్ని మాత్రం నేను గట్టిగా వద్దంటాను. చేరేముందు ఉద్యోగాల శాతం ఎలా లెక్కగట్టారో రాతపూర్వకంగా అడగండి. మధ్యలో మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేశారా, వాళ్ల దగ్గరే ట్యూటర్లుగా పెట్టుకున్నవాళ్లను కలుపుకున్నారా, తాత్కాలిక పనుల్ని కూడా ఉద్యోగం అన్నారా? ఉద్యోగం వచ్చాక జీతంలో వాటా ఇవ్వాలన్న ఒప్పందమైతే, ఆ వాటా ఎన్నేళ్లు, గరిష్ఠంగా ఎంత, ప్రోగ్రామింగ్ కాని ఉద్యోగం వచ్చినా కట్టాలా అన్న మూడు నిబంధనలూ చదవకుండా సంతకం పెట్టొద్దు.

ఇదే కోవలో కనిపించినా పూర్తిగా వేరైనది 2013లో పారిస్‌లో మొదలైన 42 అనే బడి. ఫీజు లేదు, అధ్యాపకులు లేరు, ముందు డిగ్రీ అక్కర్లేదు. దాదాపు నెల రోజుల కఠినమైన ఎంపిక ఉంటుంది, తర్వాత విద్యార్థులే ఒకరి కోడ్ ఒకరు దిద్దుకుంటారు. దాని శాఖలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి, దగ్గర్లో ఉంటే తప్పక చూడదగినది.

పూర్తిగా సొంతంగా

ఎంఐటీ తన పాఠాలను ఉచితంగా పెడతానని 2001లో ప్రకటించిన నాటి నుంచి నేర్చుకునే సరంజామాకు కరువు లేదు. హార్వర్డ్ తొలి మెట్టు కోర్సు సీఎస్50, 2014లో వచ్చిన ఉచిత కోడింగ్ సైట్ ఫ్రీకోడ్‌క్యాంప్, ఉచిత కోర్సులను డిగ్రీ సిలబస్ వరుసలో పేర్చిన ఓపెన్ సోర్స్ సొసైటీ యూనివర్సిటీ పాఠ్యక్రమం అన్నీ ఒక క్లిక్ దూరంలోనే ఉన్నాయి.

కష్టం వేరే చోట ఉంది, మనకు ఏం తెలియదో మనకే తెలియదు. బిల్లుల ప్రోగ్రామ్‌లో డబ్బును మామూలు దశాంశ సంఖ్యలుగా దాచుకున్న కుర్రాడికి అన్ని టెస్టులూ సరిగ్గానే వస్తాయి. ఒకరోజు మొత్తం ఎక్కడో ఇసుమంత తేడా కొడుతుంది. 0.1కి 0.2 కలిపితే చాలా భాషల్లో 0.30000000000000004 వస్తుందని, కంప్యూటర్ బైనరీలో (0, 1 అంకెలతోనే రాసే పద్ధతిలో) 0.1ని కచ్చితంగా దాచలేదని ఎవరూ చెప్పకపోతే రెండు రోజులు తన కోడ్‌లోనే తప్పు వెతుక్కుంటాడు. ఇలాంటి ఖాళీలు పూడ్చుకోవాలంటే ట్యుటోరియళ్లు చాలవు. ఏదో ఒక విశ్వవిద్యాలయం సిలబస్ ముందుపెట్టుకుని, నచ్చని సబ్జెక్టులతో సహా వరుసగా చదవాలి.

పట్టా బదులు చూపించేది కూడా గట్టిగా ఉండాలి. అందరూ తయారుచేసే టు-డూ లిస్ట్ (చేయాల్సిన పనుల జాబితా) యాప్‌ను పదిమంది అభ్యర్థులు చూపిస్తారు. మీరు తప్ప ఇంకెవరైనా నిజంగా వాడుతున్న చిన్న పనిముట్టు, పేరున్న ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) ప్రాజెక్టులో ఆమోదం పొందిన నాలుగు మార్పులు, వాటిపై సమీక్షకులతో మీరు జరిపిన చర్చ అంతకన్నా ఎక్కువ చెబుతాయి. ఆ చర్చ చదివితే మీరు టీమ్‌లో ఎలా ఉంటారో తెలిసిపోతుంది.

బిల్ గేట్స్, జుకర్‌బర్గ్ చదువు మానేశారుగా అని ఈ దారికి ఉదాహరణ చూపించేవాళ్లకు ఒక మాట. వాళ్లిద్దరూ హార్వర్డ్‌లో సీటు తెచ్చుకున్నవాళ్లు, ఊపందుకున్న సంస్థ కోసం బయటికి వచ్చినవాళ్లు. 1991లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ సంగతి ఎవరూ ఎత్తరు. ప్రపంచమంతా తన కోడ్ వాడుతుండగానే ఆయన హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువు కొనసాగించి మాస్టర్స్ పూర్తిచేశారు.

ఉద్యోగం చేస్తూ దూరవిద్య

దీని గురించి తక్కువ మాట్లాడుకుంటారు, నాకు మాత్రం ఇష్టమైన దారి ఇది. జార్జియా టెక్ 2014లో ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ ప్రారంభించింది, లండన్ విశ్వవిద్యాలయం 2019లో ఆన్‌లైన్ బ్యాచిలర్స్ ప్రారంభించింది. పగలు పనిలో ఎదురైన చిక్కుకు రాత్రి పాఠంలో కారణం దొరికితే అది మనసులో నాటుకుపోతుంది. అలసటే దీనికి మూల్యం. పిల్లలున్న ఇంట్లో, రోజుకు పది గంటల ఉద్యోగంలో ఉండి ఒకేసారి మూడు సబ్జెక్టులు తీసుకోవద్దు, ఒకటి చాలు.

ఏ రంగం అన్నదీ చూడాలి

వెబ్, మొబైల్ యాప్‌లు, గేమ్‌లలో చేసి చూపించిన పనికి విలువ ఎక్కువ. మెషిన్ లెర్నింగ్ పరిశోధన ఉద్యోగాలకు మాస్టర్స్, పీహెచ్‌డీ అడగడం మామూలు. ప్రభుత్వ, రక్షణ రంగాల్లో చాలాచోట్ల డిగ్రీ నిబంధనల్లోనే ఉంటుంది, ఎంత నేర్పున్నా మినహాయింపు దొరకదు. చిన్న చిన్న కోడ్ ముక్కలను ఏఐ పనిముట్లే రాసిపెడుతున్న ఈ రోజుల్లో, కొత్తవాళ్లకు ఇచ్చే తేలిక పనులు తగ్గుతాయని, రాసినదాంట్లో తప్పు పట్టగలిగేవాళ్లకు గిరాకీ ఉంటుందని నా నమ్మకం. అందుకే ఏ దారి పట్టినా పునాది మీద గంటలు ఎక్కువ పెట్టమంటాను.

మరి మీ సంగతి?

స్కూలు చదువు ఇప్పుడే ముగించినవాళ్లు: ఇంటిని అప్పుల్లోకి నెట్టకుండా వీలైతే కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో చేరండి. ఆ వయసులో నాలుగేళ్లు పెట్టడం తర్వాత పెట్టడంకన్నా ఎంతో తేలిక. కాలేజీ అన్నీ నేర్పుతుందని కూర్చోకుండా మొదటి ఏడాది నుంచే సొంతంగా ఏదో ఒక ప్రోగ్రామ్ తయారుచేయండి. ఖరీదైన పేరున్న కాలేజీకి భారీ అప్పా, అప్పు లేని మామూలు కాలేజీయా అన్న చోట నేను రెండోదానివైపే మొగ్గుతాను.

డిగ్రీ మధ్యలో ఉండి మానేద్దామనుకుంటున్నవాళ్లు: చేతిలో ఉద్యోగ నియామక పత్రం గానీ డబ్బు చెల్లించే వినియోగదారులు గానీ లేకపోతే మానొద్దు. ఉంటే కూడా ముందు ఏడాది విరామం ఇస్తారేమో అడగండి. చాలా విశ్వవిద్యాలయాలు ఇస్తాయి, ఆ గుమ్మం తెరిచి ఉంచుకోవడానికి మహా అయితే ఒక దరఖాస్తు రాయాలి.

వేరే డిగ్రీతో ఉద్యోగం చేస్తూ ముప్పైకి దగ్గరపడుతున్నవాళ్లు: ఇంకో బ్యాచిలర్స్ జోలికి పోకండి. ఆర్నెల్లు రోజూ గంటన్నర సొంతంగా నేర్చుకోండి. మీ ప్రస్తుత ఆఫీసులోనే చేత్తో చేస్తున్న ఒక పనిని, ఉదాహరణకు నెలాఖరు నివేదికను, ప్రోగ్రామ్‌తో చేసి చూపించండి. కొత్త కంపెనీకన్నా మిమ్మల్ని ఎరిగిన కంపెనీలో పని మారడం సులువు. తర్వాత ఇంకా లోతు కావాలనిపిస్తే ఆన్‌లైన్ మాస్టర్స్ ఉంది.

డిగ్రీ లేక, ఇంటి బాధ్యత మీద పడ్డవాళ్లు: మీకు కాలమూ డబ్బూ రెండూ కొరతే, కాబట్టి వరుస ముఖ్యం. కస్టమర్ సపోర్ట్, టెస్టింగ్, సిస్టమ్ నిర్వహణ లాంటి పనిలో సాఫ్ట్‌వేర్ కంపెనీ లోపలికి అడుగుపెట్టండి, అక్కడి నుంచి ప్రోగ్రామింగ్ వైపు జరగండి. సంపాదన నిలదొక్కుకున్నాక దూరవిద్యలో ఒక సబ్జెక్టుతో మొదలుపెట్టండి.

ఇప్పటికే డిగ్రీ లేకుండా ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నవాళ్లు: దేశం మారే ఆలోచన లేకపోతే పట్టా కోసం ఉద్యోగం మానాల్సిన పనిలేదు, లోటున్న రెండు మూడు సబ్జెక్టులు చదువుకుంటే చాలు. మారే ఆలోచన ఉంటే ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. ఇప్పటిదాకా పనిచేసిన ప్రతి సంస్థ నుంచీ హోదా, తేదీలు, చేసిన పని వివరం ఉన్న అనుభవ పత్రం తీసుకోండి. అనుభవాన్ని చదువు బదులు లెక్కించే ఏ దేశమైనా అడిగేది ఆ కాగితాలే. సంస్థ మూతపడ్డాక, అప్పటి మేనేజర్ ఎక్కడున్నాడో తెలియనప్పుడు వాటిని సంపాదించడం చాలా కష్టం.